పౌనే చార్ ఉస్తాద్

ఆఫ్రికా అడవిలో ఒక దున్నకూ మా యజమాని కొడుక్కూ మధ్య ఎవరు బతకాలో తేల్చింది నేను. తుపాకీ పట్టుకోలేదు. కతర్ దాటలేదు. అల్ ఘర్రాఫాలో మేం పనిచేసే ఇంట్లో, మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ హాల్లో నిలబడి, ఫోనులోకి ఒకే ఒక్క అంకె పలికాను. ఆ అంకె ఎడారి దాటి, సముద్రం దాటి వెళ్ళి పాతికేళ్ళవాడి ప్రాణం నిలబెట్టింది.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. మంగలి కుర్చీలో చెప్పాను. క్లినిక్‌లో టోకెన్ పట్టుకుని చెప్పాను. లేబర్ క్యాంపులో ఉండే మా నిర్మల్ వైపు పిల్లలకు శుక్రవారం శుక్రవారం చెప్పాను. చెప్పినప్పుడల్లా దున్న కొంచెం బలిసేది. మొదట్లో ట్రాక్టరంత ఉండేది, ఈమధ్య టిప్పరంత అయింది. "కాకా, ఇంకో రెండు శుక్రవారాలు ఆగితే క్రేనంత అయితది" అని ఒకడు నవ్వాడు కూడా. నవ్వితే నాకేం? విన్నాడు కదా.

మొన్న మాత్రం ఆ కథ నా గొంతులోనే అడ్డం పడింది.

అబూ హమూర్‌లో చేపలు కొనడానికి ఖాజా, నేను వెళ్ళాం. ఖాజాది బోధన్. ఆ ఇంట్లో అతను వంటవాడు, నేను డ్రైవర్ని. ఇరవయ్యేళ్ళుగా ఒకే గేటు పక్కన ఆ గది అతనిది, ఈ గది నాది. మా ముందు నిలబడ్డ హైదరాబాద్ మనిషి ఒకడు పెద్ద చేపను తూకంలో వేయించి, ముల్లు చూసి, "పౌనే చార్ కిలో" అన్నాడు. పావు తక్కువ నాలుగు. అంతే. నా చేతులు చల్లబడ్డాయి. పక్కనున్న ఐసు గుట్ట వల్ల కాదు.

"ఉస్తాద్ లెక్కరా ఖాజా" అన్నాను.

ఖాజా చేప వైపే చూశాడు. "నీకు ఇంటికి పోయినంక చెప్దామనుకున్న కాకా. ఉస్తాద్ పోయిండు. పోయిన జుమ్మా నాడు. ఆయన బిడ్డ మెసేజ్ పెట్టింది."

ఆ పూట ఏ చేప కొన్నామో నాకు తెలియదు.

ఉస్తాద్ అంటే నాకు ముందు ముఖం గుర్తుకు రాదు, కుడిచేతి చిటికెన వేలు గుర్తుకొస్తుంది. దోహా పాత బజారు వెనక సందులో వేట సామాన్ల దుకాణం ఒకటి ఉండేది. ముందు గదిలో గుడారాలు, దుర్భిణులు, డేగల కళ్ళకు తొడిగే తోలు టోపీలు. వెనక ఇరుకు గదిలో ఉస్తాద్. లైసెన్సులున్న ఇళ్ళవాళ్ళు తమ తుపాకులు తెచ్చిస్తే, భుజానికి ఆనే కర్రభాగాన్ని అక్రోటు కర్రతో చెక్కి, ఆ మనిషి భుజానికి సరిపెట్టడం ఆయన పని. గడ్డం నిండా కర్రపొట్టు. హైదరాబాదులో వాళ్ళ నాన్న కూడా అదే పని చేసేవాడట.

ఎవరు తుపాకీ తెచ్చినా ముందు తలుపు మూసేవాడు. గొట్టం గోడవైపు తిప్పి, వెనక భాగం తెరిచి, లోపలికి చూసేవాడు. మూసేవాడు. మళ్ళీ తెరిచి, తూటా కూర్చునే గూటిలోకి చిటికెన వేలు దూర్చి చుట్టూ తిప్పేవాడు. అలా మూడుసార్లు. ఆ మూడుసార్లూ పెదవులు కదిలేవి. ఏం చదువుకుంటున్నాడో వినపడేది కాదు. నేను మాత్రం ఆ వేలు లోపలికి పోయినప్పుడల్లా తెలియకుండానే గోడకు అతుక్కుపోయేవాణ్ణి.

"ఖాళీగనే ఉన్నది గద ఉస్తాద్. చూస్తివి గద" అన్నాను ఒకసారి.

"కండ్లు ఝూట్ మాట్లాడ్తయ్ మియా. వేలుకు ఝూట్ రాదు."

ఆ మాట వెనక సంగతి తర్వాత తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళ దుకాణంలో ఒక తుపాకీ ఖాళీగా ఉందని వాళ్ళ అన్న అన్నాడు, ఈయన తొంగిచూసి అవునన్నాడు. అది ఈయన కుడిచెవి పక్కనే పేలింది. మనిషికేమీ కాలేదు, చెవి పోయింది. అందుకే ఆయన ఎడమ పక్కన ఒక స్టూలు వేసి ఉండేది. మాట్లాడదలచినవాడు ఆ స్టూలు మీద కూర్చుని మాట్లాడాలి. కుడి పక్కన నిలబడి మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే. కాకపోతే గోడ జవాబు చెప్పదు, ఉస్తాద్ చెప్పేవాడు. ఏది వినబడిందనుకుంటే దానికి చెప్పేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకొకటి ఆయన లెక్క. ప్రపంచమంతా ఆయనకు పావులలో ఉండేది. చాయ్ అడిగితే "పౌనే కప్" అనేవాడు. ముప్పావు కప్పు, నిండా పోస్తే వెనక్కి పంపేవాడు. వయసెంత అంటే "పౌనే సౌ", డెబ్బయి అయిదు. నేను చూసిన మొదటి ఏడాదీ పౌనే సౌనే, దేశం వెళ్ళిపోయిన ఏడాదీ పౌనే సౌనే. ఇక బోరు సంగతి. మొదటిసారి ఆయన నోట ఆ మాట వినగానే నేను నవ్వాను. "మా ఊళ్ళె బోరంటే నీళ్ళు పడేది ఉస్తాద్" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఈ బోర్ల గూడ పడ్తది మియా. నీళ్ళు గాదు." తుపాకీ గొట్టం లోపల ఎంత వెడల్పో అది బోరు. అంత లావు గుండు పడుతుంది. రెండువందల డెబ్బయి అయిదు బోరును ఆయన పౌనే తీన్ సౌ అనేవాడు, మూడువందల డెబ్బయి అయిదును పౌనే చార్ సౌ. పావు తక్కువ మూడొందలు, పావు తక్కువ నాలుగొందలు. ఒకరోజు ఖర్జూరం తింటూ, ఒక అరచేతిలో గింజ, ఇంకో అరచేతిలో పండు పెట్టుకుని నాకు చూపించాడు. "ఇది పౌనే తీన్. ఇది పౌనే చార్. దుప్పికి ఇది. దున్నకు ఇది. ఈ పండు దుప్పికి ఇస్తే మాంసం మిగలదు. ఆ గింజ దున్నకు ఇస్తే నువ్వు మిగలవ్."

పెద్ద జంతువుల వేటకని ఆఫ్రికా వెళ్ళేవాళ్ళు ఏ బోరు తీసుకోవాలో ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన రెండే ప్రశ్నలు వేసేవాడు, అరబ్బీలో. నేను నా మాటల్లో చెబుతున్నాను.

"ఏం జానవర్?"

"ఏదైనా సరే."

"ఏదైనా అనే జానవర్‌ను నేను సూడలె. భయం ఎంత?"

"భయమా? నాకా?"

"అయితే ముందటి గదిల డేరాలు మంచిగున్నయ్. కొనుక్కొని పో. భయం దొరికినంక రా."

భయం ఉందని ఒప్పుకున్నవాణ్ణి నిలబెట్టి, భుజం గుంటలో బొటనవేలు పెట్టి ఒక్కసారి గట్టిగా పొడిచేవాడు. పొడుస్తూ అతని కళ్ళవైపే చూసేవాడు. కళ్ళు మూసుకుంటే పెద్ద బోరు ఇచ్చేవాడు కాదు. "తుపాకి తన్నుతదని ముందుగాలనే కండ్లు మూసేటోని గుండు ఏడికి పోతదో గుండుకే తెల్వదు. ఈయన్ను దున్న మీదికి తోలకుండ్రి. జింకతో ఆపుండ్రి."

దున్న అనేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. ఆయన జన్మలో ఏ జంతువునూ కాల్చలేదు. విన్నవే అన్నీ. కానీ చెప్పే తీరు ఎలా ఉండేదంటే, విన్నాక నాకు మా సందులో ఏసీ మిషను చప్పుడు కూడా ఏదో ఊపిరి తీస్తున్నట్టు వినపడేది. "జింకకు గుండు తాకితే ఉరుకుతది. దున్న ఉరకది మియా. ఉరికినట్టు జేస్తది. సుట్టు తిరిగి మల్లొచ్చి, నువ్వు నడిచే తొవ్వ పక్కన్నే చెట్ల సాటుకు నిలబడి నీ కోసం సూస్తది. నువ్వు దాన్ని ఎతుకుతున్న అనుకుంటవ్. అది నీ పక్కన్నే ఉంటది."

నన్ను ఆ ఇంట్లో సయ్యాద్ అని పిలిచేవాళ్ళు. వేటగాడని అర్థం. మా యజమాని పెద్ద బాబా పెట్టిన పేరు. నిర్మల్ అడవుల్లో పులిని కొట్టానని నేనే ఆయనకు చెప్పాను. ఈ పులి సంగతి ఇక్కడే ఒప్పుకుంటాను. మా మక్కచేనులో పడ్డ జంతువును డబ్బా వాయించి తరిమింది మా నాయన. నేను మంచె మీద చెద్దరు ముసుగేసుకుని ఉన్నాను. పైగా అది పులి కాదు, అడవిపంది. ముసల్మానుల మజ్లిస్‌లో కూర్చుని పంది పేరెత్తడం ఎట్లా? అందుకని పులిని చేశాను. పులి అయ్యాక తరిమితే ఏం బాగుంటుంది? చంపాను.

ఆ పులే నన్ను మింగబోయింది.

పెద్ద బాబా కొడుకును మేం చిన్న బాబా అంటాం. అయిదారేళ్ళ కింద అతను మొదటిసారి బాబాయితో కలిసి ఆఫ్రికాకు దున్నల వేటకు బయల్దేరాడు. ఇంట్లో తాళం వేసిన ఇనుప బీరువాలో, సర్కారు కాగితాలతో సహా, రెండు తుపాకులుండేవి. తాతగారిది పౌనే తీన్, తేలికైనది, అందమైనది. తండ్రిది పౌనే చార్, బరువైనది, భుజం వాచేలా తన్నేది. ఏది తీసుకోవాలో తండ్రినడిగితే "ఇది కూడ తెల్వకుండనే పోతున్నవా?" అంటాడని సిగ్గు. ఉస్తాద్ దగ్గరికి తనే వెళ్తే "భయం ఎంత?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నంటేనే అతనికి భయం. అందుకని గ్యారేజీలో నా భుజం మీద చెయ్యేశాడు. "యా సయ్యాద్, నువ్వు వేటగాడివి కదా. వెళ్ళి ఉస్తాద్‌ను అడిగి రా. ఎవరికోసమో చెప్పకు."

వెళ్ళాను. ఆ రోజు స్టూలు మీద వార్నిష్ వేసిన కర్ర ఆరబెట్టి ఉంది. నేను కుడి పక్కన నిలబడ్డాను.

"ఏం జానవర్?" అన్నాడు ఉస్తాద్, చెక్కుతూనే.

దున్నకు గల్ఫులో ఎవరికైనా తెలిసిన మాట జామూస్. ఆ మాట అన్నా సరిపోయేది. కానీ నేను సయ్యాద్‌ను కదా. మా ఊళ్ళో ఒకప్పుడు వేటకు పోయే పెద్దమనుషులు చెట్ల కింద గుసగుసగా ఎలా మాట్లాడుకునేవాళ్ళో అలా, పెదవులు కదిలీ కదలకుండా, "దున్న" అన్నాను.

"పౌనే తీన్ సౌ" అన్నాడు ఉస్తాద్. "సాలు. అంతకంటె పెద్దది పాపం."

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. గింజ, పండు కళ్ళముందు ఆడాయి. కానీ పులిని కొట్టినవాడు ఇంకోసారి అడుగుతాడా? అడిగితే ఉస్తాద్ ఏమనుకుంటాడు? బహుశా దున్నల్లో చిన్న రకం ఉంటుందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. దారి పొడుగునా చెప్పుకున్నాను. చిన్న బాబాకు అరబ్బీలో అంకె చెప్పాను. మియతేన్ ఖమ్సా ఓ సబయీన్. రెండువందల డెబ్బయి అయిదు. అతని ముఖం వెలిగింది. తాతగారి తుపాకీ! తన్నదు, బరువుండదు. "ఉస్తాద్ చెప్పాడా?" అన్నాడు. చెప్పాడన్నాను.

అతను విమానం ఎక్కిన అయిదో రోజు, పెద్ద బాబా డేగకు కొత్త టోపీ తేవడానికి దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం నమాజు అయి చాలాసేపయింది. ఈసారి స్టూలు ఖాళీగా ఉంది, కూర్చున్నాను. ఉస్తాద్ ఖర్జూరం తింటున్నాడు.

"ఏమైంది మియా? దుప్పి దొరికిందా మీవోళ్ళకు?"

"ఏ దుప్పి?"

"ఆనాడు అడిగితివి గద. దుప్పి అని."

స్టూలు మీద ముందుకు జరిగాను. "దున్న అన్న, ఉస్తాద్."

ఆయన నమలడం ఆపాడు. "ఏమన్నవ్?"

"దున్న."

స్టూలు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఆనాడు ఏడ నిలబడి అన్నవ్?"

నేను కుడివైపు వేలు చూపించాను. ఆయన చెయ్యి మెల్లగా కుడిచెవి దగ్గరికి పోయింది. ఆ చెవిని పట్టుకుని అలాగే ఉండిపోయాడు, పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు. ఖర్జూరం గింజ నోట్లోంచి జారి కర్రపొట్టులో పడింది. ఆ గింజ వైపు ఆయన చూశాడు, నేనూ చూశాను. ఇద్దరికీ ఒకటే కనిపించింది. దారి పక్కన చెట్ల చాటున నిలబడి ఎదురుచూస్తున్నది. దాని ముందు గింజ పట్టుకుని నిలబడ్డ పాతికేళ్ళ మనిషి.

"ఎవరికోసం అడిగినవ్?"

చెప్పాను.

"యా అల్లా." లేచాడు. గోడ పట్టుకున్నాడు. టోపీ పెట్టుకోబోతే రెండుసార్లు కింద పడింది. "గాడీ తియ్."

"ఏడికి?"

"మీ బాబా తాన్కి."

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "ఉస్తాద్, నీ కాళ్ళు మొక్కుత. నా వీసా క్యాన్సల్ జేస్తరు. ఈ వయసుల నన్నెవరు పెట్టుకుంటరు? ఎట్లనో ఫోన్ జేసి చిన్న బాబాకే చెప్దాం."

"అడివిల ఫోన్ ఏడుంటది? వాళ్ళ శాటిలైట్ ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుంది? మీ బాబా దగ్గర. మరి?" నా చేతులు విడిపించుకున్నాడు. "నాకు గూడ భయమైతుంది మియా. ఈ దుకాణపాయన నన్ను ఒక్కదినం గూడ ఉంచుకోడు. చెవిటోడు బోర్ చెప్తే ఎవడింటడు? అయినా నడువ్."

కతర్ బండ్లకు స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది. పక్క సీట్లో కూర్చున్న ఉస్తాద్‌కు మంచి చెవి నావైపే ఉంది. దారంతా ఆ చెవి నావైపే ఉంది, నేను మాత్రం ఒక్క మాట అనలేకపోయాను. సిగ్నల్ దగ్గర మా పక్కన ఒక నల్ల నీళ్ళ ట్యాంకర్ ఆగితే, దాని బ్రేకు బుస్సుమన్న చప్పుడుకు ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. ఉస్తాద్ చిటికెన వేలు ఒళ్ళో దానంతటదే తిరుగుతూ ఉంది, ఏదో గూటిలో ఉన్నదో లేదో చూస్తున్నట్టు.

గేటు ముందు బండి ఆపి ఇద్దరం దిగాం. మజ్లిస్‌లోకి ఇద్దరం వెళ్ళాం.

పెద్ద బాబా ఒక్కడే ఉన్నాడు, డేగను చేతిమీద పెట్టుకుని. ఉస్తాద్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "మీ అబ్బాయి దున్నకు బోరు అడిగించాడు. నేను దుప్పికి చెప్పాను. తప్పు నా చెవిది." నా పేరు ఎత్తలేదు. నేనే ముందుకొచ్చి, నా నోటిది కూడా అన్నాను. పెద్ద బాబా డేగను దింపి కొయ్య మీద కూర్చోబెట్టాడు. బీరువా దగ్గరికెళ్ళి తాళం తీశాడు. తన తుపాకీ అక్కడే ఉంది. తండ్రిది లేదు. బీరువా తలుపు మూయడం మర్చిపోయి వచ్చి కూర్చున్నాడు.

కొడుకు వెంట వెళ్ళిన తమ్ముడి దగ్గర శాటిలైట్ ఫోను ఉంది. రోజూ పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకే దాన్ని తెరుస్తాడు. అప్పుడింకా మూడు కూడా కాలేదు. అంతసేపూ మేం ఆ హాల్లోనే ఉన్నాం. ఖాజా చాయ్ తెచ్చాడు. ఉస్తాద్‌కు పౌనే కప్పే తెచ్చాడు. దాని మీద మీగడ కట్టింది, ఎవరూ ముట్టలేదు. నేను కిటికీ తెర మీద నీడ జరగడం చూస్తూ, ఈపాటికి ఏమై ఉంటుంది, ఈపాటికి ఏమై ఉంటుంది అని ఒకటే అనుకున్నాను. ఒక్కోసారి కుర్రవాడి ముఖం కనిపించేది. ఒప్పుకుంటున్నాను, ఎక్కువసార్లు ఎయిర్‌పోర్టులో నా సూట్‌కేసే కనిపించింది.

అజాన్ అయింది. ఫోను కలిసింది. అక్కడి సంగతి ఇది. దారి చూపే ముసలి వేటగాడు ఆ గుండు చూసి నవ్వి, నా తుపాకీ ఇస్తాను తీసుకో అన్నాడట. మా చిన్న బాబా ససేమిరా అన్నాడట. ఉస్తాద్ మాట ఉంది, తాత తుపాకీ ఉంది, ఇంకొకటి ముట్టను అని మూడురోజులు పట్టు. చివరికి బాబాయి ఆ వేటగాణ్ణి బతిమాలి తాత తుపాకీకే ఒప్పించాడు. తెల్లవారితే దున్నల మీదికి వెళ్ళాలి.

పెద్ద బాబా ఫోనులో ఎంత చెప్పినా కొడుకు నమ్మలేదు. నువ్వు నన్ను చిన్నపిల్లవాణ్ణి చేస్తున్నావు, ఉస్తాద్ చెబితేనే వింటాను అన్నాడు. ఫోను ఉస్తాద్ చేతికొచ్చింది. ఆయన కంగారులో దాన్ని కుడిచెవికి పెట్టుకున్నాడు. అవతల ఏమంటున్నారో వినపడక, "పౌనే చార్! పౌనే చార్ సౌ!" అని అరుస్తున్నాడు. భయంలో అరబ్బీ అంతా మర్చిపోయాడు. అవతల ఆ కుర్రవాడికి పౌనే అంటే ఏమిటో తెలియదు. అప్పుడు నేను ఆయన ఎడమ పక్కకు వెళ్ళి, ఫోను మంచి చెవికి మార్చి, ఆయన అన్నది అరబ్బీలో పలికాను. తలాతమియా ఖమ్సా ఓ సబయీన్. మూడువందల డెబ్బయి అయిదు. అవతల కాసేపు గాలి చప్పుడు. తర్వాత, "తయ్యిబ్." సరే అని.

ఉస్తాద్ అక్కడే కార్పెట్ మీద కూలబడ్డాడు. పెద్ద బాబా ఆయన ముందు కూర్చుని, ఊళ్ళో అందరినీ ఆయన అడిగే ప్రశ్నే ఆయన్ను అడిగాడు.

"భయం ఎంత?"

"వందకు పౌనే సౌ."

"మిగిలిన పావు?"

ఉస్తాద్ నావైపు చూపించి, "అది ఈయన పడుతున్నాడు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్వుతుంటే నా పళ్ళు టకటకమన్నాయి.

వారానికి చిన్న బాబా వచ్చాడు. అరువు తీసుకున్న పౌనే చార్‌తో కొట్టాడట. మూడు గుండ్లు తిని కూడా ఆ దున్న వాళ్ళవైపే యాభై అడుగులు నడిచొచ్చి పడిందట. ఆ మాట విన్నాక నేను గ్యారేజీలోకి వెళ్ళి టైరు మీద చాలాసేపు కూర్చున్నాను. గింజ అయి ఉంటే యాభై అడుగుల దగ్గర ఆగేది కాదు.

తర్వాత ఉస్తాద్ రెండేళ్ళే ఉన్నాడు. నేను దుకాణానికి వెళ్తే ముందు స్టూలు చూపించేవాడు. ఏ మాట చెప్పినా మూడుసార్లు చెప్పించుకునేవాడు, గూటిలో వేలు తిప్పినట్టు. డేగ టోపీ కావాలన్నా సరే మూడుసార్లు. వెళ్ళిపోయే రోజు నా భుజం గుంటలో బొటనవేలు పెట్టి పొడిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "నీకు జింక గూడ వద్దు మియా" అన్నాడు. "చేపలు పట్టుకో."

యజమాని ఇంట్లో నా సంగతి ఎవరూ ఎత్తలేదు, వీసా ఏటేటా రెన్యువల్ అవుతూనే ఉంది. ఒక్కటే నాకు అంతు పట్టలేదు. ఆనాటి నుంచి పెద్ద బాబా నన్ను సయ్యాద్ అని పిలవలేదు. పేరు పెట్టి పిలుస్తాడు. వయసు మీద పడింది, మర్చిపోయాడనుకున్నాను.

ఇదంతా రాశాక ఒక్కటి ఒప్పుకోవాలనిపించింది. మొదట్లో చెప్పిన గొప్ప కొంచెం సాగదీసింది. ప్రాణం నిలబెట్టిన అంకె ఉస్తాద్‌ది, నేను దాన్ని అరబ్బీలోకి మార్చానంతే. నా సొంతంగా నేను మోసుకెళ్ళిన అంకె అతన్ని చంపేదే. ఇంతకు మించి ఒప్పుకోవలసిందేమీ లేదనుకుని, నిన్న మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళి ఖాజాకు చదివి వినిపించాను. తెలుగు బాగా మాట్లాడతాడు గానీ చదవలేడు. ఉల్లిగడ్డలు కోస్తూ అంతా విన్నాడు. మధ్యలో ఒక్కచోట కత్తి ఆపాడు, మళ్ళీ కోశాడు. అయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు. ఉస్తాద్ కోసమో ఉల్లిగడ్డల వల్లో తెలియలేదు.

"ఎట్లుంది?" అన్నాను.

"మంచిగనే రాసినవ్ కాకా. గని లోపల నువ్వు లేవు."

"ఏ లోపల?"

"మజ్లిస్ల. నువ్వు గేటు కాడ్నే ఆగినవ్. బండ్లనే కూసున్నవ్. మూడింటి కెల్లి మగ్రిబ్ దాంక ఏసీ బంద్ జెయ్యలె, పెట్రోల్ ఎర్ర బత్తి పడ్డది. ఎడమ పక్క నిలబడి ఫోన్ల చెప్పింది నేను. చాయ్ గిలాసలు ఎత్తనీకి వచ్చి నిలబడ్డ. నువ్వు బయటికెల్లి నన్ను అడిగి అడిగి ఇన్నవ్, ఇన్ని సంవత్సరాలు చెప్పి చెప్పి లోపలికి వచ్చినవ్."

నేను కాగితాలు మడిచాను. "పావు మాట అన్నడా లేదా? అదన్న నిజమేనా?"

"అన్నడు." ఖాజా ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు. "నిన్ను చూపెట్టలె. కిటికీ తెర జరిపి బయటికి చూపెట్టిండు. 'ఆ మిగిలిన పావు బండ్ల కూసున్నోడు పడుతుండు, ఆయన్ను ఏమనకుండ్రి' అన్నడు. పెద్ద బాబా లేచి కిటికీల కెల్లి చూసిండు. నువ్వు సీటు ఎనక్కి వంచి, చెద్దరు ముసుగేసుకొని పన్నవ్."